మిద్దె తోటలో అక్షింతల పురుగులు: పిలవడం, వదలడం, నిలబెట్టుకోవడం

మూడేళ్ళ కిందట రథసప్తమికి ముందురోజు సాయంత్రం, మా విశాఖపట్నంలో మధురవాడ దాటాక ఒక ఖాళీ స్థలంలో జిల్లేడాకులు కోస్తున్నాను. ఒక లేత కొమ్మ నిండా పసుపుపచ్చ పేనుబంక, నూకలు అద్దినట్టు. దాని మధ్యలో నారింజ రంగు మీద నల్ల మెలికలున్న అక్షింతల పురుగులు (లేడీబర్డ్) నాలుగు, ఏ తొందరా లేకుండా తింటున్నాయి. సరిగ్గా ఆ వారమే మా మిద్దె మీద చిక్కుడు పాదుకి నల్ల పేనుబంక పట్టి పూత రాలిపోతుంటే నేను రోజు మార్చి రోజు సబ్బునీళ్ళు కొడుతున్నాను. నీళ్ళ సీసా ఖాళీ చేసి, ఆ కొమ్మ తుంచి అందులో పెట్టుకుని ఇంటికి తెచ్చాను. మా అత్తయ్యగారు చూసి, "ఏటమ్మా, ఉన్న పురుగులు చాలవా, సీసాలో పెట్టి మరీ తెస్తున్నావు?" అన్నారు.

ఆ నాలుగూ మర్నాటికి ఎగిరిపోయాయి. ఒక్కటీ మిగల్లేదు.

ముందే చెప్పేస్తున్నాను, అక్షింతల పురుగుని తేవడం పెద్ద పనేం కాదు, అది ఉండిపోయేలా చూడటమే పని. ఉండాలంటే దానికి తిండి కావాలి, అంటే మీ తోటలో ఎక్కడో ఒక మూల కొంచెం పేనుబంక ఎప్పుడూ బతికి ఉండాలి. ఒక్క పురుగు కూడా కనపడకూడదు అనుకునేవాళ్ళకి ఈ పద్ధతి అస్సలు పడదు, వాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు. మిగతావాళ్ళు రండి.

మీ మొక్కకి పట్టింది ఏమిటి?

అక్షింతల పురుగు అన్నీ తినేయదు. దాని అసలు భోజనం పేనుబంక, అంటే చిక్కుడు, బొబ్బర్లు, మిరప, బెండ, గులాబీ మొగ్గల మీద గుంపుగా కూర్చుని రసం పీల్చే మెత్తటి బుల్లి పురుగులు. పిండినల్లి, పొలుసు పురుగు, తెల్లదోమ పిల్లలు, ఎర్రనల్లి కూడా తింటుంది గానీ వాటిలో ఒక్కోదానికి ఒక్కో రకం అక్షింతల పురుగు ప్రత్యేకంగా ఉంటుంది. వంకాయలో దూరే పురుగు, టమాటా కాయ తొలిచే పురుగు, కాకర పిందెల్ని కుళ్ళబెట్టే పండు ఈగ, ఆకు లోపల తెల్లటి గీతలు గీసే పురుగు, నత్తలు వీటి జోలికి అది పోదు. కాబట్టి వంకాయలు పుచ్చిపోతున్నాయని అక్షింతల పురుగులు వెతుక్కుంటే టైం వేస్ట్.

పేనుబంక ఉందని తెలుసుకోవడానికి ఒక మంచి గుర్తు ఉంది, మన ఊళ్ళో దాన్నే పొరపడతాం. ఆకు మీద నల్లటి పొర. ఊళ్ళో కొన్ని వైపుల మిద్దెల మీద నల్లదుమ్ము మామూలు వ్యవహారం, పొద్దున్నే ఊడిస్తే చేట నిండుతుంది, అందుకని ఆకు నల్లబడినా దుమ్మే అనుకుని వదిలేస్తాం. నేనూ నెలరోజులు అలాగే అనుకున్నాను. వేలితో రాసి చూడండి. పొడిగా వచ్చేస్తే దుమ్ము, జిగురుగా అంటుకుంటే అది మసి తెగులు. పేనుబంక, పిండినల్లి రసం పీల్చి తియ్యటి బంక విసర్జిస్తాయి, ఆ బంక కింది ఆకుల మీద పడి దాని మీద నల్ల బూజు పెరుగుతుంది. అంటే అసలు దొంగ ఆ ఆకు మీద ఉండదు, దానికి పైన ఉన్న లేత కొమ్మ అడుగున ఉంటుంది. తల పైకెత్తి చూడండి. దుమ్మయినా సరే కడిగేయడం మంచిదే, దుమ్ము పట్టిన ఆకుల మీద ఎర్రనల్లి పెరుగుతుంది, మిత్ర పురుగులు తిరగలేవు.

నాలుగు వేషాలు

ఇది జాగ్రత్తగా చదవండి, ఎందుకంటే ఎక్కువమంది (నాతో సహా) చేసే తప్పు ఇక్కడే. మనందరికీ తెలిసింది రెక్కలొచ్చిన గుండ్రటి పురుగు ఒక్కటే. దానికి ముందు మూడు రూపాలున్నాయి.

గుడ్లు పసుపుపచ్చగా, సన్నగా, ఆకు అడుగున పది ఇరవై కలిసి నిలువుగా నిలబెట్టి ఉంటాయి, పసుపు కలిపిన అక్షింతలు గుప్పెడు తీసి ఒక్కో గింజా నిలబెట్టినట్టు. రెండు నుంచి నాలుగు రోజుల్లో పొదుగుతాయి. అందులోంచి వచ్చే పిల్ల పురుగు చూడటానికి తల్లిలా అస్సలు ఉండదు: నల్లగా, పొడుగ్గా, ఆరు కాళ్ళతో, ఒంటి మీద నారింజ, తెలుపు మచ్చలతో బుల్లి మొసలిలా ఉంటుంది. అందరికన్నా తిండిపోతు ఇదే. వారం, పది రోజులపాటు మూడుసార్లు కుబుసం విడిచి పెరుగుతూ కొన్ని వందల పేనుబంకల్ని తినేస్తుంది. తరవాత తోకని ఆకుకి అతికించుకుని ముడుచుకుపోతుంది, ఎండు రొయ్య తల ముక్క ఆకుకి అంటుకున్నట్టు, ఇదే కోశం. పుల్లతో తాకితే ఒక్కసారి ఎగిరి పైకి లేస్తుంది, భయపడకండి, చీమల్ని బెదిరించడానికి చేసే పని అది. మూడు నుంచి అయిదు రోజులకి తల్లి పురుగు బయటికి వస్తుంది, మొదట లేత పసుపులో, మచ్చల్లేకుండా, మెత్తగా, తరవాత కొన్ని గంటల్లో రంగు తేరుతుంది.

నేను చేసిన ఘనకార్యం ఏమిటంటే, మొదటి ఏడాది చిక్కుడు పాదు మీద ఆ మొసళ్ళని చూసి ఇదేదో కొత్త పురుగు పట్టిందని పట్టకారుతో ఒక్కోటీ ఏరి సబ్బునీళ్ళ మగ్గులో వేశాను. దాదాపు నలభై. ఫోటో తీసి మా తమ్ముడికి పంపితే వాడు "అక్కా, నువ్వు పోలీసుల్ని చంపేశావు" అన్నాడు. ఇప్పటికీ ఇంటికి వచ్చినప్పుడల్లా ఎత్తుతాడు.

మన ఊళ్ళో ఎక్కువగా కనిపించేది మెలికల చారలున్న రకం, నారింజ లేదా పసుపు మీద నల్ల వంకర గీతలు. ఎర్రటి ఒంటి మీద అడ్డంగా నల్ల మచ్చలుండే రకం కూడా చలికాలంలో బాగా వస్తుంది. చేతిలోకి తీసుకుంటే కాళ్ళ కీళ్ళలోంచి పసుపు రంగు చుక్క వదులుతుంది, ఘాటుగా వాసన వస్తుంది, చెయ్యి కడుక్కుంటే పోతుంది. ఇంకోటి, సొర, గుమ్మడి ఆకుల మీద బూడిద తెగులు వచ్చినప్పుడు నిమ్మపండు రంగులో, రెక్కల మీద మచ్చే లేని చిన్నది ఒకటి తిరుగుతుంటుంది. అది పురుగుల్ని తినదు, ఆ తెల్ల బూజునే తింటుంది. దాన్నీ ఏమీ అనకండి.

ఇంటి దొంగ

ఇదే కుటుంబంలో శాకాహారి ఒకడున్నాడు. వంగ, కాకర మొక్కల మీద, మట్టి రంగులో, మెరుపు లేకుండా, దగ్గరగా చూస్తే సన్నటి నూగుతో, చాలా మచ్చలతో (పూర్తి లెక్కకి 28) ఉండే ఎపిలాక్నా పెంకు పురుగు. దీని పిల్లలు పసుపుపచ్చగా ఒంటి నిండా కొమ్మల్లాంటి ముళ్ళతో ఉంటాయి. ఆకు పచ్చదనం గీకి తినేసి ఈనెలు మిగిల్చి, జల్లెడలా, కిటికీ మెష్‌లా చేస్తాయి. గుడ్లు కూడా పసుపే, గుంపే, అందుకని గుడ్డు చూసి తేల్చుకోవడం కష్టం. నేను పెట్టుకున్న లెక్క ఇది: గుడ్లున్న చోట పేనుబంక ఉంటే మనవాడివి, వంగాకు మీద పేనుబంక జాడే లేకుండా గుడ్లుంటే రెండు రోజులు ఆగి పొదిగాక చూసి తేల్చుకోవడం. ముళ్ళ పసుపు పిల్లలైతే ఆకుతో సహా తుంచి సబ్బునీళ్ళలో వేయండి. తల్లి పురుగు మెరుస్తుంటే మిత్రుడు, మసక మసకగా నూగుతో ఉంటే శత్రువు.

వదలడానికి ముందు తోటని సిద్ధం చేయాలి

మొదట మందులు ఆపాలి. ఆపాలి అంటే నిజంగా ఆపాలి. రసం పీల్చే పురుగులకి వాడే ఇమిడాక్లోప్రిడ్, థయామిథాక్సామ్ లాంటివి మొక్క లోపలికి వెళ్ళి వారాల తరబడి ఉంటాయి, పుప్పొడిలోకీ వస్తాయి, ఆ పేనుబంక తిన్న అక్షింతల పురుగూ పోతుంది. ఒక నర్సరీలో గులాబీ కొన్నప్పుడు అక్కడి అబ్బాయి ఉచితంగా ఒక చిన్న ప్యాకెట్ గుళికలు కూడా చేతిలో పెట్టాడు, కుండీలో వేస్తే ఆరు నెలలు పురుగే రాదన్నాడు. వేశాను. పురుగు రాలేదు, దాని మీద వదిలిన అక్షింతల పురుగులు కూడా మర్నాడు కింద పడి కాళ్ళు పైకెత్తి ఉన్నాయి. అప్పటి నుంచి బయట కొన్న మొక్క ఏదైనా నెలా, నెలన్నర వేరే మూల ఉంచుతాను. పిండినల్లి కూడా ఎక్కువగా కొత్త మొక్కతోనే ఇంట్లోకి వస్తుంది కాబట్టి ఆ దూరం రెండు విధాలా మంచిదే.

వేపనూనె సహజమే కదా అని చాలామంది అడుగుతారు. సహజమే, కానీ పిల్ల పురుగు కుబుసం విడవకుండా అడ్డుపడే గుణం దానిలో ఉంది, అది మొసలి పిల్లలకీ తగులుతుంది. సబ్బునీళ్ళు తడి ఉన్నంతసేపే పని చేస్తాయి, తగిలిన మెత్తటి పురుగునల్లా చంపుతాయి, ఆరాక ప్రమాదం లేదు. కాబట్టి పేనుబంక మరీ ముసిరి ఉంటే ముందు పైపుతో గట్టిగా నీళ్ళు కొట్టి సగం దులిపేయండి, అవసరమైతే ఒకసారి సబ్బునీళ్ళు కొట్టి ఆరనిచ్చి, రెండు రోజులాగి అప్పుడు వదలండి. పురుగుల్ని చంపే బూజుతో చేసిన బ్యువేరియా అనే మందు కూడా అక్షింతల పురుగులకి సోకగలదు, రెండూ కలిపి వాడకండి. పసుపు జిగురు అట్టలు వేలాడదీసి ఉంటే తీసేయండి, దోమతో పాటు ఇవీ అంటుకుపోతాయి.

రెండోది చీమలు. ఈ సంగతి తెలియకే మొదటి రెండుసార్లు నేను ఓడిపోయాను. పేనుబంక వదిలే తియ్యటి బంక కోసం చీమలు దానికి కాపలా కాస్తాయి, పాలిచ్చే ఆవుని కాసినట్టే. అక్షింతల పురుగు దగ్గరికి వస్తే కరిచి తరిమేస్తాయి, గుడ్లు ఎత్తుకుపోతాయి. ఒకరోజు పొద్దున్న కూర్చుని చూశాను, బొబ్బర్ల తీగ మీద ఒక మొసలి పిల్లని మూడు నల్లచీమలు కాళ్ళు పట్టి లాగి, కాడ అంచు దాకా తెచ్చి, కింద పడేశాయి. అది మళ్ళీ ఎక్కింది. మళ్ళీ పడేశాయి. అందుకే చీమల దారి కట్టకుండా పురుగులు వదలడం దండగ.

కుండీల స్టాండ్ ఉంటే కాళ్ళ కింద పాత గిన్నెలు పెట్టి నీళ్ళు పోసి రెండు చుక్కల గిన్నెల సబ్బు వేయండి, దోమలు గుడ్లు పెట్టకుండా రెండు రోజులకోసారి పారబోసి మార్చండి. కుండీ గోడకి గానీ పక్క పందిరికి గానీ తగలకూడదు, ఒక్క ఆకు తగిలినా అదే వంతెన. నేల మీద గ్రో బ్యాగులైతే ఎర పెట్టుకోవడం మేలు: కప్పు నీళ్ళలో రెండు చెంచాల పంచదార, పావు చెంచాకి మించకుండా బోరిక్ పౌడర్ కలిపి, దూదిలో ముంచి, మూతకి చిల్లులు పెట్టిన డబ్బాలో పెట్టి చీమల బారు పక్కన ఉంచండి. ఎక్కువ కలిపితే చీమ పుట్ట దాకా చేరకుండానే చస్తుంది, రాణికి అందాలంటే పలచగానే ఉండాలి. పిల్లలకి, పిల్లులకి అందకుండా చూసుకోండి.

బొబ్బర్ల కుండీ

ఈ గైడు మొత్తంలో ఒక్కటే చేస్తాను అంటే ఇదొక్కటి చేయండి. రెండు పాత బకెట్లలో బొబ్బర్లు జల్లి మిద్దె మూల పెట్టండి. కిరాణా కొట్టులో కూరకి కొనే బొబ్బర్లే చాలు. మూడు నాలుగు వారాల్లో వాటికి నల్ల పేనుబంక వస్తుంది, మీరేం చేయక్కర్లేదు, రెక్కల పేనుబంక తనే ఎగిరి వచ్చి దిగుతుంది. ఈ నల్లరకం ముఖ్యంగా చిక్కుడు, బొబ్బర్ల జాతి మీదే బతుకుతుంది, మీ టమాటాల మీద కాపురం పెట్టదు. వచ్చిందని కంగారుపడి కడిగేయకండి. అదే హోటల్. పత్తి చేలల్లో రైతులు మధ్య మధ్య బొబ్బర్లు, చుట్టూ జొన్న వేసేది కూడా ఇందుకే, అక్షింతల పురుగులు అక్కడ తిని, అక్కడే పిల్లల్ని పెట్టి, తరవాత పత్తి మీదికి మళ్ళుతాయి.

ఇంకో బకెట్లో జొన్న గానీ మొక్కజొన్న గానీ నాలుగు మొక్కలు. దాని పేనుబంక వేరు, కూరగాయల జోలికి రాదు, పైగా జల్లు పూత వచ్చినప్పుడు పుప్పొడి కూడా దొరుకుతుంది. పురుగు కరువైన రోజుల్లో అక్షింతల పురుగు పుప్పొడి, తేనె తిని నెట్టుకొస్తుంది, అందుకని కొత్తిమీర, సోంపు, ఆవాలు కొంచెం కోయకుండా పూతకి వదిలేయండి. కొత్తిమీర పూత మీద మధ్యాహ్నం వేళ చూడండి, తూనీగంత హడావిడి లేకుండా ఎన్ని రకాల బుల్లి ఈగలు, కందిరీగలు వాలుతుంటాయో. వాటిలో చాలా మన వైపువే.

దొంగలకి కూడు పెట్టి పోలీసుల్ని పిలవడమేమిటి అని మీకు అనిపిస్తే తప్పు లేదు. చేసి చూస్తే అర్థమవుతుంది: పోయిన కార్తీకంలో నేను ఒక్క పురుగు తేలేదు, బొబ్బర్ల కుండీ పెట్టిన ఐదో వారానికి ఆకుల కింద గుడ్లు దొరికాయి.

ఎక్కడి నుంచి తేవాలి

బొబ్బర్ల కుండీ పెట్టినా రాకపోతే, లేదా ఆగే ఓపిక లేకపోతే, మనమే తేవచ్చు. ఊరి చుట్టూ జిల్లేడుకి కొదవ లేదు, రుషికొండ వైపు, కైలాసగిరి కింద, పెందుర్తి దారిలో ఖాళీ ప్లాట్లు. కార్తీకం నుంచి శివరాత్రి దాకా మంచి సీజన్. పొద్దున్న ఎండ ముదరక ముందే వెళ్ళండి, అప్పుడు బద్ధకంగా ఉంటాయి, ఎగరవు. జిల్లేడు పాలు కంట్లో పడితే చాలా ప్రమాదం, కొమ్మ తుంచేటప్పుడు మొహం పక్కకి పెట్టండి, చెయ్యి కడుక్కునే దాకా కన్ను నలపకండి. తెలిసిన రైతు చేను ఉంటే చిక్కుడు పందిరి ఇంకా మేలు, అడిగి తీసుకోండి. మందు కొట్టిన చేనైతే వద్దు.

తేవాల్సింది రెక్కల పురుగుల్ని కాదు. నా మొదటి నాలుగూ పోయింది అందుకే, రెక్కలుంటే ఎగురుతాయి. పిల్ల పురుగుల్ని, ఆకుకి అంటుకున్న కోశాల్ని తెండి. పిల్లలకి రెక్కలుండవు, దించిన చోటే తినాలి. కోశంలోంచి బయటికొచ్చిన పురుగు కళ్ళు తెరవగానే మీ తోటే చూస్తుంది. మూతకి సన్న చిల్లులున్న ప్లాస్టిక్ డబ్బాలో నలిపిన టిష్యూ వేసి, పేనుబంక ఉన్న కొమ్మతో సహా పెట్టండి. పిల్లల్ని ఆకలితో ఒకేచోట ఉంచితే ఒకదాన్నొకటి తినేస్తాయి, మా డబ్బాలో పన్నెండు పెడితే ఇంటికొచ్చేసరికి తొమ్మిది. డబ్బాని బండి సీటు కింద ఎండలో వదిలేసి టిఫినుకి వెళ్ళకండి.

కొనడం సంగతి. విదేశీ వీడియోల్లో వేల పురుగుల సంచులు తెరిచి తోటలో కుమ్మరిస్తుంటారు. అమెరికాలో అమ్మే ఆ రకం చాలావరకు కొండల్లో గుంపుగా నిద్రపోతున్నప్పుడు ఎత్తుకొచ్చినవి, లేవగానే ఎగిరిపోవడం వాటి స్వభావం, అక్కడివాళ్ళకే నిలబడవు. బతికున్న పురుగుల్ని అనుమతి లేకుండా మన దేశంలోకి తెప్పించుకోవడం 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఆర్డర్ ప్రకారం నేరం కూడా. మన దగ్గర మామూలుగా పెంచి ఇచ్చేది పిండినల్లిని తినే ఒక్క రకం, దాని గురించి కింద చెప్తాను. బెంగళూరులోని ఎన్‌బీఏఐఆర్ అని కేంద్ర ప్రభుత్వ సంస్థ ఇలాంటి మిత్ర పురుగుల మీదే పని చేస్తుంది. మనకి దగ్గరలో అడగాలంటే అనకాపల్లి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది, ఫోటో తీసుకెళ్ళి చూపిస్తే పురుగు పేరైనా ఖాయం అవుతుంది.

వదిలే రోజు

సాయంత్రం చేయండి, ఎండ పూర్తిగా దిగాక. మన ఊరి గాలి సంగతి మీకు చెప్పక్కర్లేదు, సముద్రం వైపు మిద్దెల మీద సాయంత్రం గాలికి తువ్వాళ్ళే ఉండవు, ఇక పురుగెంత. గాలి తగలని గోడ పక్కకి కుండీ జరిపి అక్కడ వదలండి.

మొక్కకి స్ప్రేయర్‌తో నీళ్ళు చల్లి ఆకులు తడిపి ఉంచండి, దారిలో దాహంతో వస్తాయి, నీళ్ళు దొరికితే కాసేపు ఆగుతాయి. డబ్బాలో రెక్కల పురుగులు కూడా ఉంటే అయిదు, పది నిమిషాలు ఫ్రిజ్ కింది అరలో పెట్టి తీయండి (డీప్ ఫ్రీజర్‌లో కాదు), చలికి మత్తుగా ఉంటాయి. పిల్ల పురుగుల్ని మెత్తటి పెయింట్ బ్రష్‌తో ఎత్తి, పేనుబంక గుంపుకి బెత్తెడు కింద, కొమ్మకి ఒకటి రెండు చొప్పున పెట్టండి. అవి పైకి ఎక్కే రకం, కింద పెడితే వెతుక్కుంటూ పోతాయి. కోశాలున్న ఆకుని బట్టల క్లిప్పుతో కాడకి పట్టించండి. పది పదిహేను కుండీలకి పది నుంచి ఇరవై పిల్లలు చాలు, నా అనుభవంలో అంతకు మించి వేసినా తిండి లేక తమలో తామే తినుకుంటాయి.

ఇప్పుడు అసలు కిటుకు. మొక్క మీద పాత దోమతెర కప్పి, అంచులు కుండీకి తాడుతో కట్టేసి రెండు మూడు రాత్రులు ఉంచండి. ఇది నా తెలివి కాదు, నూట ముప్ఫై ఏళ్ళు దాటిన పద్ధతి. 1888లో కాలిఫోర్నియా నారింజ తోటలు ఒక పొలుసు పురుగుతో ఎండిపోతుంటే, ఆల్బర్ట్ కోబెల్ అనే ఆయన ఆస్ట్రేలియా వెళ్ళి దాన్ని తినే వెడాలియా అనే అక్షింతల పురుగుని ఓడల్లో పంపాడు. మొదటి మూడు విడతల్లో బతికి చేరినవి 129. వాటిని లాస్ ఏంజలస్‌లో పురుగు పట్టిన ఒక నారింజ చెట్టుకి గుడారం కట్టి అందులో వదిలారు, అవి పెరిగాక తెర తీశారు, రెండేళ్ళు తిరక్కుండా తోటలు తేరుకున్నాయి. తరవాత 1940ల్లో అవే తోటల్లో డీడీటీ అనే పురుగుమందు కొడితే వెడాలియాలు చచ్చి పొలుసు పురుగు మళ్ళీ విజృంభించింది. తక్కువ పురుగులు, చాలినంత తిండి, గుడారం, మందు లేకపోవడం, మిద్దె మీదా ఇంతే సూత్రం.

వదిలాక

మొదటి మూడు రోజులు ఏమీ జరగనట్టే ఉంటుంది, పేనుబంక ఇంకా పెరుగుతున్నట్టు కూడా అనిపిస్తుంది. టెన్షన్ పడి స్ప్రేయర్ ఎత్తకండి. రోజూ ఒకే కొమ్మ ఫోటో తీయండి, వారం తరవాత పక్కపక్కన పెట్టి చూడండి. పది రోజులకి తేడా తెలియకపోతే చీమల దారి మళ్ళీ వెతకండి, తొంభై పాళ్ళు అదే కారణం. పేనుబంకల్లో కొన్ని ఉబ్బి, గోధుమ రంగులో గట్టిగా, గింజల్లా కనిపిస్తే వాటిని నలపకండి. చిన్న కందిరీగ జాతి ఒకటి వాటి లోపల గుడ్డు పెట్టింది, అది కూడా మన జట్టే. ఎక్కువ మబ్బు పట్టిన రోజుల్లో పేనుబంక వేగంగా పెరుగుతుంది, గట్టి వాన పడితే చాలా కొట్టుకుపోతుంది, ఆ లెక్క కూడా వేసుకోండి.

పిండినల్లి వేరే కథ

మందార, జామ, సీతాఫలం మీద దూది అంటించినట్టు తెల్లగా ఉంటే అది పిండినల్లి. మెలికల పురుగు దీన్ని పెద్దగా పట్టించుకోదు. దీనికి క్రిప్టోలీమస్ అని ఆస్ట్రేలియా నుంచి 1898లో మన దేశానికి తెచ్చిన రకం ఉంది, ఇప్పుడు ల్యాబుల్లో పెంచి ఇచ్చేది ఇదే. తల్లి పురుగు చిన్నది, నల్ల రెక్కలు, ఇటుక రంగు తల. పళ్ళతోటల్లో చెట్టుకి పది చొప్పున వదులుతారు, ఒక పెద్ద మందార కుండీకి నాలుగైదు చాలు. పిండినల్లి గుడ్ల సంచులు ఉన్నప్పుడే వదలాలి, ఎందుకంటే ఇది గుడ్లు పెట్టేది ఆ సంచుల్లోనే.

తంటా ఏమిటంటే దీని పిల్ల కూడా తెల్లగా, ఒళ్ళంతా మైనపు పోగులతో, అచ్చం పిండినల్లి వేషంలోనే ఉంటుంది. పుల్లతో కదపండి. పిండినల్లి కదలడానికి ఇష్టపడదు, ఈ పిల్ల చకచకా పరిగెడుతుంది, పోగులు పొడుగ్గా చింపిరి జుట్టులా ఉంటాయి, పిండినల్లి కన్నా రెండింతలు పెద్దది కూడా. గుడ్డు నుంచి తల్లి పురుగు దాకా దాదాపు నెల పడుతుంది కాబట్టి ఓపిక కావాలి. ఈలోపు "పురుగు ఇంకా పెరిగిపోయింది" అని పైపుతో కడిగేసినవాళ్ళని నేను ఎరుగుదును.

బాల్కనీలో పైపుల సాగు ఉంటే

ఫ్లాట్లలో మట్టి లేకుండా పీవీసీ పైపుల్లో లెట్యూస్, పాలకూర పెంచేవాళ్ళకి అక్షింతల పురుగులు ఇంకా పనికొస్తాయి, ఎందుకంటే అక్కడ ఏ సబ్బు, ఏ నూనె కొట్టినా చివరికి పోషకాల నీళ్ళలోకే కారుతుంది. కప్పులు పెట్టని కన్నాలు మూసేయండి, నీళ్ళ డ్రమ్ముకి మూత పెట్టండి, లేకపోతే పురుగులు మునిగిపోతాయి. బాల్కనీకి పావురాల వల మాత్రమే ఉంటే చాలదు, సన్న మెష్ కావాలి. గదిలో లైట్ల కింద పెంచితే రెక్కల పురుగులు కిటికీకీ బల్బుకీ చేరిపోతాయి, అక్కడ పిల్ల పురుగుల్నే వాడండి, కోశాలవ్వగానే తీసి బయటి మొక్కల మీద పెట్టేయండి. ఆకుకూర కోశాక ఉప్పు నీళ్ళలో ఒకసారి ముంచి తీస్తే ఏదైనా ఉంటే తేలుతుంది.

ఎండలు ముదిరాక

ఏప్రిల్ నుంచి మిద్దె మీద పురుగులూ తగ్గుతాయి, అక్షింతల పురుగులూ తగ్గుతాయి, మన తప్పు కాదు, ఎండ. షేడ్ నెట్ కింద ఒక్క బొబ్బర్ల కుండీ బతికించుకోండి, గులకరాళ్ళు వేసిన పళ్ళెంలో కాసిని నీళ్ళు ఉంచండి. కుండీల్లో ఎండుటాకులు మరీ శుభ్రంగా ఊడ్చేయకండి, వాటి కింద కొన్ని దాక్కుంటాయి. వానలు మొదలయ్యాక, భాద్రపదం వచ్చేసరికి మళ్ళీ నాలుగు గింజలు జల్లండి. వినాయక చవితి పత్రికి జిల్లేడు కోయడానికి వెళ్ళినప్పుడు కొమ్మ వంచి ఆకు వెనక్కి తిప్పి చూడండి, పసుపు గుడ్లు ఉంటే ఆ కొమ్మ వదిలేసి పక్కది కోసుకోండి, లేదా చిల్లుల మూత డబ్బా ఒకటి సంచిలో వేసుకునే వెళ్ళండి.